మేస్త్రిగారి పేరు మీద

ఆమెకు కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి ఉండేది. ఫ్యాక్టరీ సందులో ఆ పేరుతో ఎవరికీ పని పడలేదు. భుజానికి సంచీ, సంచీ నిండా మూతలున్న ప్లాస్టిక్ సీసాలు, మొహం నిండా నవ్వు. ఈ మూడూ వేసుకుని ఇంటింటికీ తిరిగే మనిషిని వచ్చిన వారంలోనే 'సీసాలమ్మ'ని చేసేశారు. ఆమె కూడా ఏమీ అనుకోలేదు. అడగడానికి వచ్చింది మూత్రం. ఆ మాట నోటితో అనడానికే సగంమంది సిగ్గుపడి చస్తుంటే, పేరు దగ్గర పట్టింపులు పెట్టుకుంటే పని నడుస్తుందా?

అసలు ఆమె నర్సు. మూత్రరోగాల వార్డులో చాలా ఏళ్ళు చేసింది. ఆ విభాగం పెద్ద డాక్టరు ఒక పరిశోధన మొదలుపెట్టి, "మనుషులతో మాట్లాడ్డం నీకొచ్చినట్టు మాకెవరికీ రాదమ్మా" అని ఆమెను మునగచెట్టెక్కించి సందుల మీదికి తోలాడు.

రంగుల ఫ్యాక్టరీ మూతపడి చాలాకాలమైంది. గేటుకు తాళం, తాళానికి తుప్పు. అందులో పనిచేసినవాళ్ళు మాత్రం ఆ సందులోనే ముసలివాళ్ళయ్యారు. అప్పట్లో రంగుల్లో కలిపిన కొన్ని రసాయనాలు ఒంట్లో చేరి, మూత్రాశయం లోపలి పొరను ఏళ్ళతరబడి పాడుచేస్తాయట. ఇరవై ముప్ఫై ఏళ్ళపాటు ఏమీ తెలియదు. తర్వాత ఒక పూట, నొప్పీ గిప్పీ లేకుండా, మూత్రం ఎర్రగా వస్తుంది. కొందరికి అప్పటికే చేయి దాటిపోయి ఉంటుంది. అంతదాకా రానివ్వకుండా, పొద్దుటి మూత్రంలో రాలిపడే కణాలనూ, వాటిలోని డి.ఎన్.ఎ.నూ చూసి జబ్బును ముందే పట్టుకోవచ్చా అన్నది డాక్టరు ప్రశ్న. పాత కార్మికుల సంఘం వాళ్ళు తమ పాత రిజిస్టరులోంచి రాసిచ్చిన పేర్లు చేతబట్టుకుని, మధ్యాహ్నం ఖాళీ సీసాలు ఇచ్చి రావడం, మర్నాడు పొద్దున్నే నిండినవి తెచ్చుకోవడం సీసాలమ్మ పని.

ఇంట్లో ఆమె అత్తగారికి ఈ ఉద్యోగం ఒక్క పిసరు నచ్చలేదు. "ఆ సంచీ నా వంటింటి గడప తొక్కిందంటే నేను ఈ ఇంటి గడప దాటతా" అని ఖండితంగా చెప్పింది. సంచీ మెట్ల కింద ఉండిపోయింది.

సందు రెండువైపులా ఒకే అచ్చులో పోసినట్టుండే ఇళ్ళు. ఫ్యాక్టరీవాళ్ళు కట్టించినవే. గోడల అడుగున మోకాలెత్తున ఊదారంగు చార. ఒకప్పుడు కాలవలో ఫ్యాక్టరీ నీళ్ళు పొంగినప్పుడు అంటుకున్నది. ఎన్నిసార్లు సున్నం వేసినా మళ్ళీ పైకి తేలుతుంది. "మా చిన్నప్పుడు తెల్లపిల్లి పొద్దున పోయి సాయంత్రానికి పచ్చపిల్లై వచ్చేదమ్మా, తల్లిపిల్లి కూడా గుర్తుపట్టేది కాదు" అని సందు మొగలో దర్జీ చెప్పి నవ్వించేవాడు.

సందు చివరి ఇల్లు మేస్త్రిగారిది. రంగులు కలిపే విభాగానికి ఆయన పెద్ద.

సీసాలమ్మ మొదటిసారి ఆ తలుపు తట్టినప్పుడు మిట్టమధ్యాహ్నం. సందంతా ఎండ పడుతున్నా ఆ గుమ్మం దగ్గర మాత్రం తడిబట్టలు ఆరేసినచోట ఉండే చల్లదనం. చాలాసేపటికి తలుపు బెత్తెడు తెరుచుకుంది. మనిషి కనిపించలేదు. ఒక కన్నూ, తలుపు అంచును పట్టుకున్న నాలుగు వేళ్ళూ కనిపించాయి.

"మేస్త్రిగారున్నారా అమ్మా?"

లోపల ఎవరినో అడిగి చెబుతున్నట్టు ఆగి, "ఉన్నారు" అంది ఆ గొంతు. పెద్దావిడ గొంతు.

"ఒకసారి పిలుస్తారా?"

"ఇప్పుడు లేవరు. ఏం కావాలి?"

సీసాలమ్మ ఆస్పత్రి సంగతీ పరిశోధన సంగతీ చెప్పింది. ఫ్యాక్టరీలో పనిచేసిన మగవాళ్ళందరినీ చూస్తున్నామనీ, కాగితం మీద ఆయన సంతకం కావాలనీ అంది.

"చెయ్యి కదలదు ఆయనకి. నేను పెడతాను."

కాగితం తలుపు సందులోంచి వెళ్ళి, సంతకంతో తిరిగొచ్చింది. దానితోపాటు చెయ్యి మణికట్టుదాకా బయటికొచ్చి సీసా అందుకుంది. గోళ్ళ మొదళ్ళు నీలంగా ఉన్నాయి. గుండెజబ్బేమో పాపం అనుకుంది సీసాలమ్మ. అదే సమయంలో లోపల ఎవరో దగ్గారు. మగవాళ్ళ దగ్గు, లోతునుంచి కళ్ళెతో సహా లాగి దగ్గే దగ్గు. పెద్దావిడ వెనక్కి తిరిగి, "ఇదిగో, వస్తున్నా" అంది. తలుపు మూసుకుంది.

మర్నాడు తెల్లవారాక సీసాలమ్మ వెళ్ళేసరికి, అన్ని ఇళ్ళ ముందూ ఉన్నట్టే మేస్త్రిగారి గడప మీదా నిండిన సీసా ఉంది. చలికాలపు పొద్దు. మిగతావాళ్ళ సీసాలు పట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. ఇది మాత్రం వెచ్చగా ఉంది. అప్పుడే పెట్టి లోపలికి వెళ్ళారనుకుంటే, తలుపుకు లోపలినుంచి గొళ్ళెం వేసి ఉంది. గడియ వేసిన చప్పుడు కూడా ఆమెకు వినపడలేదు. ఆమె ఆ సంగతి అప్పుడు పట్టించుకోలేదు. సీసా మీద పేరు సరిచూసుకుని సంచీలో వేసుకుంది.

ఆస్పత్రి ప్రయోగశాలలో మూత్రంలోని కణాలను చూసే ఆయన్ని అందరూ 'కళ్ళజోడు' అంటారు. ఒకటి కళ్ళకు, ఒకటి నుదుటి మీద, ఒకటి మెడలో వేలాడుతూ. మూడూ ఉన్నా ఎప్పుడూ వెతుక్కుంటూనే ఉంటాడు. రెండు రోజుల తర్వాత ఆయన సీసాలమ్మను పిలిచి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టాడు.

"చూడు. మధ్యలో ఆ నల్లగా, వంకరటింకరగా ఉన్నవి. ఏమనుకుంటున్నావ్?"

ఆమెకు చెప్పనక్కర్లేదు. మామూలు కణాలు పల్చటి అప్పచ్చుల్లా పరుచుకుని ఉంటాయి. ఇవి గుంపులు కట్టి, కేంద్రకాలు సిరా ఒలికినట్టు నల్లబడి, ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.

"ఎవరివి?"

"సందు చివరి మేస్త్రిగారివి. పిల్లలకు పాఠం చెప్పడానికి దాచుకోవాల్సిన స్లైడిది. ఇంత ముదిరితే ఆయన అసలు ఎలా తిరుగుతున్నాడు?"

"తిరగట్లేదండి. లేవలేరట."

"లేవలేకపోతే మోసుకురండి."

ఆ మధ్యాహ్నమే ఆమె సందులోకి వెళ్ళింది. చెడ్డకబురు చెప్పడానికి వార్డులో ఆమెకో పద్ధతి ఉండేది: ముందు మంచం పక్కన కూర్చోవడం, చెయ్యి పట్టుకోవడం, తర్వాత నోరు తెరవడం. బెత్తెడు తలుపు సందులో అవేవీ కుదరలేదు.

"పిన్నిగారూ, సీసాలో కొంచెం తేడా కనిపించింది. మేస్త్రిగారిని ఒకసారి ఆస్పత్రికి తీసుకురావాలి. బండి మేమే పంపుతాం."

తలుపు సందులోని కన్ను రెప్ప వేయలేదు.

"ఏ సీసాలో?"

"మొన్న పొద్దున మీరు గడప మీద పెట్టారే, అదే."

"గడప మీద" అని ఆవిడ మెల్లిగా అనుకుంది. తల తిప్పి గది లోపలికి చూసింది. ఎంతసేపు చూసిందంటే, తాను అక్కడ ఉన్నట్టు ఆవిడ మర్చిపోయిందేమో అనిపించింది సీసాలమ్మకు. లోపల చెక్క కిర్రుమంది. ఆవిడ మళ్ళీ ఇటు తిరిగింది. ఆ ఒక్క కంటిలోనూ నీళ్ళున్నాయి.

"ఆయన రాలేరమ్మాయీ. ఇంకో సీసా ఇవ్వు."

ఎలాగూ రెండోసారి చూసి ఖాయం చేసుకోవాలి కాబట్టి సీసాలమ్మ ఇచ్చింది. ఈసారి పొద్దున్నే ఆవిడ తలుపు దగ్గరే నిలబడి స్వయంగా చేతికందించింది. సీసాలో రంగు బాగోలేదు. పల్చగా కలిపిన దానిమ్మరసంలా ఉంది.

రెండోసారి కళ్ళజోడు ఆమెను పిలవలేదు; తానే వార్డుదాకా వచ్చాడు. మంచి కోపంలో ఉన్నాడు.

"ఇన్నాళ్ళ సర్వీసు నీది. సీసాలు మార్చేస్తావని కలలో కూడా అనుకోలేదు."

"నేనేం మార్చానండి?"

"మేస్త్రి పేరుతో రెండు సీసాలిచ్చావు. రెండింట్లోనూ క్యాన్సరు కణాలున్నాయి. కానీ డి.ఎన్.ఎ. చూస్తే మొదటిది మగమనిషిది. రెండోది ఆడమనిషిది. ఆయన ఈ మధ్యలో ఆడదైపోయాడా?"

పక్కన ఉన్న కుర్ర నర్సు కిసుక్కున నవ్వింది. సీసాలమ్మకు మొహం మాడిపోయింది. సీసా ఇచ్చేముందే పేరు అంటిస్తుంది. తెచ్చుకునేటప్పుడు మళ్ళీ చదువుతుంది. పొరపాటు తనది కాదని ఆమెకు తెలుసు. తేల్చుకుని వస్తానని చెప్పి, సంచీ కూడా తీసుకోకుండా బయల్దేరింది.

సందు మొగలో దర్జీ మిషను తొక్కుతున్నాడు.

"బాబాయ్, మేస్త్రిగారింట్లో ఇంకెవరుంటారు?"

"ఇంకెవరుంటారు? ఆవిడొక్కతే."

"మేస్త్రిగారు కాకుండా, అని."

మిషను ఆగింది. దర్జీ దారం పంటితో తెంపి, ఆమె మొహంలోకి చూశాడు. వేళాకోళం ఆడుతోందేమో అనుకున్నట్టున్నాడు.

"మేస్త్రి పోయి ఏడాది దాటిందమ్మా."

దర్జీ తన స్టూలు లాగి ఆమె ముందుకు తోశాడు.

"రక్తం పడేది పాపం. ఎవరికీ చెప్పుకోలేదు. రంగుల మనిషిని కదా, రంగు పోకుండా ఎలా ఉంటుందని నవ్వేవాడు. ఒకరోజు పూర్తిగా బిగుసుకుపోయింది, చుక్క రాలేదు. నేనే బండెక్కించా. మీ ఆస్పత్రికే, ఎమర్జెన్సీకి. రెండోనాడు శవాన్ని తెచ్చాం. నువ్వా ఇంటికి వెళ్తుంటే ఆవిణ్ణి పలకరించడానికి వెళ్తున్నావనుకున్నా."

"బాబాయ్, నేను దగ్గు విన్నాను. మగదగ్గు."

అతను నవ్వుతాడనుకుంది. నవ్వలేదు. సూది తీసి, కుట్టుకుంటున్న గుడ్డకే గుచ్చి పెట్టాడు.

"కొట్టు ఇక్కడున్నా నేనుండేది ఆ పక్కింట్లోనే, మధ్యగోడ ఒకటే. నాకూ వినపడుతుంది. ఆవిడే దగ్గుతోందనుకుంటా." మిషను చక్రం మీద చెయ్యి వేసి, "అనుకోవాలి మరి" అన్నాడు.

వెనక్కి వెళ్ళిపోదామా అని ఆమెకు ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. వార్డులో ఎందరి కళ్ళు మూసిందో లెక్కలేదు. శవాలంటే ఆమెకు భయం లేదు. శవం పడుకుని ఉంటుంది, పని చేయించుకుంటుంది. ఈ దగ్గు అలాంటిది కాదు. అయినా రెండో సీసా ఆమె కళ్ళలో మెదిలింది. అది ఎవరిదో ఆమెకు అప్పటికే అర్థమైంది. ఆ రంగు చూశాక వెనక్కి వెళ్ళే నర్సు నర్సు కాదు.

తలుపు తట్టింది. బెత్తెడు తెరుచుకోగానే, "పిన్నిగారూ, నన్ను లోపలికి రానివ్వండి" అంది. పెద్దావిడ కాసేపు చూసి, తలుపు బార్లా తెరిచింది.

ఇంత చిన్న మనిషా అనిపించింది సీసాలమ్మకు. భుజాలు పిచ్చుక రెక్కల్లా ఉన్నాయి. గది మాత్రం అద్దంలా ఉంది. కడిగిన నేల. గోడకు కొయ్యమేకు, దానికి మగవాళ్ళ చొక్కా. కిటికీ పక్కన చేతుల కుర్చీ. దాని వీపు చెక్క మీద ఎన్నో ఏళ్ళ చెమట, ఎన్నో ఏళ్ళ రంగు కలిసి దిగిన మరక; వెడల్పాటి వీపు ఆకారంలో, కారునీలంగా. కుర్చీ పక్కన పీట మీద నీళ్ళ గ్లాసు, దాని మీద మూత.

సీసాలమ్మ కుర్చీలో కూర్చోబోయింది.

"అక్కడ కాదమ్మాయీ" అంది పెద్దావిడ గబుక్కున. చాప వాల్చి చూపించింది.

ఇద్దరూ నేల మీద కూర్చున్నారు. ఈసారి సీసాలమ్మకు చెయ్యి అందింది. నీలి గోళ్ళ చెయ్యి పట్టుకుని దగ్గర్నుంచి చూసింది. గుండెజబ్బు నీలం కాదు అది. అరచేతి గీతల్లో కూడా ఉంది ఆ రంగు.

"రెండో సీసా మీదే కదా?"

"నాదే."

"ఎన్నాళ్ళనుంచి పడుతోంది?"

"ఆయన పోయిన నెలకే మొదలైంది. నవ్వకు, మొదట రంగే అనుకున్నా. అంత రంగు ఒంట్లోకి పోయింది, ఎప్పుడో ఒకప్పుడు బయటికి రావాలి కదా అనుకున్నా. మందుల షాపువాడు వేడిచేసిందన్నాడు. మలుపులో డాక్టరు ఇన్ఫెక్షనన్నాడు, ఆడవాళ్ళకి మామూలే అన్నాడు. మాత్రలు మింగితే తగ్గేది. మళ్ళీ వచ్చేది."

పెరటి తలుపు తీసి ఉంది. అక్కడ బట్టలుతికే బండ కనిపిస్తోంది. రాయి అసలు రంగేమిటో చెప్పలేం. ఎరుపూ నీలమూ పసుపూ ఒకదానిమీద ఒకటి ఇంకి, చివికిపోయిన మాంసంలా ఉంది.

"బట్టలు మీరే ఉతికేవారా?"

"మరెవరుతుకుతారు? గుమ్మంలోనే విడిచి నా మీద పడేసేవారు. రాత్రి నానబెట్టి పొద్దున ఉతికేదాన్ని. నీళ్ళు చూస్తే తెలిసేది, నిన్న ఏ రంగు నడిచిందో. కొన్నాళ్ళు ఎరుపు, కొన్నాళ్ళు నీలం. చేతులు అలాగే కడుక్కుని అన్నం కలుపుకునేవాళ్ళం. అప్పుడెవరికి తెలుసు?"

సీసాలమ్మ ఆ బండవైపే చూసింది. సంఘం ఇచ్చిన పేర్లన్నీ మగవాళ్ళవే. సందంతా తిరిగింది, ప్రతి గుమ్మంలోనూ ఆడవాళ్ళతోనే మాట్లాడింది, ప్రతి సీసా ఆడవాళ్ళ చేతులమీదుగానే తీసుకుంది. ఒక్కరినంటే ఒక్కరిని, మీకెలా ఉందమ్మా అని అడగలేదు.

"నాకెందుకు చెప్పలేదు పిన్నీ?"

"నువ్వడిగింది మేస్త్రిగారిని కదమ్మా." ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. "ఉన్నారా అన్నావు. ఉన్నారు కాబట్టి ఉన్నారన్నాను. ఆ రాత్రి ఆయనతో చెప్పుకున్నా. నాక్కూడా పడుతోంది, చెబితే ఈ వయసులో సిగ్గుమాలినదాన్నంటారేమో అన్నా. 'నా పేరు మీద ఇచ్చెయ్' అన్నారు."

"మరి మొదటి సీసా?"

పెద్దావిడ తల అడ్డంగా ఊపింది. "మొదటిది నేనివ్వలేదు. ధైర్యం చాల్లేదు. ఖాళీ సీసా ఆ కిటికీలో పెట్టి పడుకున్నా. పొద్దున లేచి చూస్తే కిటికీలో లేదు. తలుపు గొళ్ళెం వేసినట్టే ఉంది. ఎలకలు లాక్కుపోయాయేమో అనుకున్నా. తర్వాత నువ్వొచ్చి గడప మీద సీసా అన్నావు చూడు, అప్పుడు తెలిసింది." ఆవిడ కుర్చీవైపు చూసింది. "నేనివ్వకపోతే నువ్వు మళ్ళీ ఈ గుమ్మం తొక్కవుగా. అందుకని ముందు ఆయనే ఇచ్చారు."

సీసాలమ్మ వేళ్ళకు ఆనాటి సీసా వెచ్చదనం మళ్ళీ తగిలింది. పక్కింట్లో ఎక్కడో కుక్కర్ కూత వేసింది. లోకం మామూలుగానే నడుస్తోందని తెలిసి ఆమె ఊపిరి పీల్చుకుంది.

"పిన్నీ, లేవండి. ఇప్పుడే వెళ్దాం. ఇది కుదిరే జబ్బు. ఆలస్యం చేస్తేనే కుదరదు."

"ఆయన్ని అడిగి వస్తా."

ఆవిడ లేచి కుర్చీ ముందు నిలబడింది. సీసాలమ్మ చూడకూడదనుకుంటూనే చూసింది. ఖాళీ కుర్చీ. కిటికీలోంచి గాలి లేదు. అలాంటిది, బరువైన మనిషి చేతులానించి లేచినప్పుడు వచ్చే చప్పుడు కుర్చీలోంచి వచ్చింది. ముందు కిర్రుమని, తర్వాత వదులుగా. కొయ్యమేకుకున్న చొక్కా, ఎవరో పక్కనుంచి నడిచిపోయినట్టు, కొస మాత్రం కదిలింది.

"వెళ్ళమంటున్నారు" అంది పెద్దావిడ, కళ్ళు తుడుచుకుంటూ.

ఆస్పత్రిలో పెద్ద డాక్టరు ఆ సాయంత్రమే సన్నటి గొట్టం దారిన కెమెరా పంపి చూశాడు. మూత్రాశయం గోడకు పగడపు పువ్వులా ఒకటి వేలాడుతోంది. పక్కనే చిన్న పిలక. గోడలోపలి కండరందాకా వేళ్ళు దిగలేదు. మరో ఆరునెలలు ఆగి ఉంటే దిగేవే అన్నాడు. మూడోరోజు అదే దారిన లోపలికి పోయి రెంటినీ గోకి తీసేశాడు. కోత లేదు, కుట్లు లేవు. తర్వాత మందు. పిల్లలకు క్షయ రాకుండా వేస్తారే, ఆ బి.సి.జి. మందునే వారానికోసారి మూత్రాశయంలో నింపి, కాసేపు ఆపుకోమంటారు. "చిన్నపిల్లల మందు నాకేమిటమ్మాయీ" అని పెద్దావిడ మొదటిసారి నవ్వింది.

మొదటి సీసా సంగతి డాక్టరు ఒక్కమాటలో తేల్చేశాడు. ఎక్కడో తారుమారైంది, పరిశోధన లెక్కలోంచి తీసేయమన్నాడు. కళ్ళజోడు తీసేశాడు. కానీ ఊరికే ఉండలేకపోయాడు. ఒక మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళాక సీసాలమ్మను లోపలికి పిలిచి తలుపు దగ్గరగా వేశాడు.

"ఆ మేస్త్రి పోయేముందు ఒక రోజు మన దగ్గరే ఉన్నాడు కదా. అప్పుడు పరీక్షకని తీసిన గడ్డముక్క మైనంలో భద్రంగా ఉంది. దాని డి.ఎన్.ఎ. తీసి, నీ మొదటి సీసాతో పోల్చాను."

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఒక్కటే. రెండుసార్లు చేశాను." ఆయన మూడు కళ్ళజోళ్ళూ తీసి బల్లమీద పెట్టి, అరచేతులతో కళ్ళు రుద్దుకున్నాడు. "ముక్క మైనంలో ఏడాదినుంచి ఉంది. సీసాలో కణాలు తాజావి. ఆ పొద్దున రాలినవి. నేనీ మాట అనలేదు, నువ్వు వినలేదు."

ఆ తర్వాత ఆయన సీసాల విషయంలో ఆమెను ఎప్పుడూ కసరలేదు.

డాక్టరు మాత్రం ఒక పని చేశాడు. మంచి డాక్టరు కాబట్టి చేశాడు. పెద్దావిడ చేతులు తిప్పి తిప్పి చూసి, ఉతికే బండ సంగతి విని, తన పరిశోధనను మళ్ళీ మొదటికి తెచ్చుకున్నాడు. "ప్రశ్న సగమే అడిగాం మనం" అన్నాడు. సీసాలమ్మ మళ్ళీ సందంతా తిరిగింది. ఈసారి గుమ్మంలో నిలబడి, "మీ ఆయన బట్టలు ఎవరుతికేవారు?" అని మొదలుపెట్టేది. ఆడవాళ్ళు ముందు ముక్కున వేలేసుకున్నారు, తర్వాత ముసిముసిగా నవ్వుకున్నారు, ఆ తర్వాత ఒక్కొక్కరే చేతులు చాపి చూపించారు. మరో ఇద్దరిలో జబ్బు బయటపడింది. అందులో ఒకామెకు ఇంకా ఎర్రచుక్క కూడా పడలేదు. డాక్టరు పట్టుకోవాలనుకున్నది సరిగ్గా అలాంటిదే. తీయడం సూది గుచ్చినంత తేలికైంది.

మందు అన్ని వారాలూ పూర్తయ్యాక పెద్దావిడను మళ్ళీ కెమెరాతో చూశారు. గోడ శుభ్రంగా ఉంది. మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోవాలి, అంతే. సీసాలమ్మే ఆవిణ్ణి ఇంటికి దిగబెట్టడానికి బస్సెక్కింది. శుభవార్త మోసుకెళ్తున్నానని ఆమె హుషారుగా ఉంది. పెద్దావిడ దారి పొడుగునా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

సందులో దిగేసరికి దీపాలు పెట్టే వేళయింది. గుమ్మం దగ్గర ఆ పాత చల్లదనం లేదు. అన్ని గుమ్మాల్లాగే ఉంది. తాళం తీశాక పెద్దావిడ లోపలికి అడుగుపెట్టలేదు.

"ఏమైంది పిన్నీ?"

"లేరమ్మాయీ. ఆస్పత్రినుంచి వచ్చిన మొదటిరోజునుంచీ లేరు. నీకు చెప్పలేదు, నువ్వు బాధపడతావని." గొంతు తగ్గించింది. "ఏడాదిపైన ఈ ఇంట్లో ఒక్కదాన్నే పడుకున్నా, ఒక్కరాత్రి భయమెయ్యలేదు. ఇప్పుడు ఎలక కదిలినా గుండె ఆగిపోతోంది. నయమయ్యాక ఇలా ఉంటుందని ఎవరూ చెప్పలేదే."

సీసాలమ్మ దగ్గర దానికి మందు లేదు. వార్డులో అయితే రాత్రి డ్యూటీ నర్సు ఉంటుంది, లైటు వెలుగుతుంది, పక్కమంచం మీద ఎవరో మూలుగుతారు. ఆమె ఇంటికి ఫోను చేసి అత్తగారితో రాత్రికి రానని చెప్పింది. అవతలనుంచి చాలా ప్రశ్నలొచ్చాయి. అన్నిటికీ ఊఁ కొట్టింది.

ఇద్దరూ లోపలికి వెళ్ళారు. సీసాలమ్మ దీపం వేసి, పెరటి తలుపు బిగించి, పొయ్యి వెలిగించింది. ఉన్నదేదో తిన్నారు. రెండు చాపలు పక్కపక్కన పరుచుకున్నారు. పగలంతా తిరిగిన మనిషికి తల వాల్చగానే రెప్పలు బరువెక్కాయి.

"అమ్మాయీ."

"ఊఁ."

"నువ్వు గురకపెడతావా?"

సీసాలమ్మ నిద్రమత్తులోనే సిగ్గుపడింది. "పెడతాననే అంటారు మా ఆయన. గోడలు అదురుతాయట. నేనైతే ఒప్పుకోను."

"పెట్టమ్మా, పెట్టు" అంది పెద్దావిడ, దుప్పటి గడ్డందాకా లాక్కుంటూ. "కాస్త గట్టిగానే పెట్టు."